రానివాళ్ళ లెక్క



ఈ వారం నాకిచ్చిన అంశం "ప్రభుత్వ శాఖల్లోనూ, సేవాసంస్థల్లోనూ వ్యూహాత్మక ప్రణాళిక, నిర్వహణ". పేరు వింటూనే రేడియో కట్టేసి ఓ కునుకు తీద్దామనిపిస్తుంది కదూ? కాగితం చూడగానే నాకూ అలాగే అనిపించింది. ఇదేదో ఆఫీసర్ల వ్యవహారం, మనబోటివాళ్ళకు పప్పూ ఉప్పూ లెక్క చూసుకోవడంతోనే సరిపోతుంది, దీని జోలికి మనమెందుకు అనుకున్నాను. కాని రెండు రోజులు ఆలోచించాక తెలిసింది, ప్రణాళిక లేకపోతే జరిగే నష్టమేమిటో నేను కళ్ళారా చూశానని. కళ్ళారా అన్నమాట ఊరికే అనలేదు. ఆ సంగతి కళ్ళకు సంబంధించిందే.

మా కాలనీలో ఒక మహిళామండలి ఉంది. సంక్రాంతికి ముగ్గుల పోటీ, శ్రావణమాసంలో పేరంటం, వీటితోపాటు ఏడాదికోసారి ఉచిత కంటి పరీక్షా శిబిరం పెడుతూ ఉంటాం. కమ్యూనిటీ హాల్లో షామియానా వేసి, మైకులో చెప్పించి, డాక్టరుగారిని పిలిపించి, వచ్చినవాళ్ళకు మజ్జిగ పోసి పంపిస్తాం. మొదటి ఏడు నూట నలభై మంది వచ్చారు. రెండో ఏడు నూట అరవై అయిదు. వార్షికోత్సవంలో సెక్రటరీ హోదాలో ఆ అంకె చదివింది నేనే. చప్పట్లు బాగానే కొట్టారు.

ఆ సాయంత్రమే ఇంటికొస్తూ వీధి మొదట్లో పూలమ్మే అవ్వ దగ్గర రెండు మూరల మల్లెపూలు తీసుకున్నాను. నేనిచ్చిన నోటును ఆవిడ వేళ్ళతో తడిమి చూసి, "ఎంత నోటమ్మా ఇది?" అని అడిగింది.

"అదేమిటవ్వా, కనపడటం లేదా?"

"రెండేళ్ళాయె తల్లీ. పొగమంచులో కూర్చున్నట్టుంటది."

"మరి నాలుగిళ్ళ అవతలే శిబిరం పెట్టాం కదా, రాలేదేం?"

"మైకులో చెప్పారు, విన్నా. పొద్దుటి బేరం వదులుకుని ఎట్టా రాను? వచ్చినా ఆపరేషనంటారు. ఆ ఊరి చివర ఆస్పత్రికి నన్నెవరు తీసుకుపోతారు? నాలుగు రోజులు బుట్ట దించితే ఇల్లెట్టా గడుస్తది?"

ఆవిడ కోపంగా అనలేదు. బేరంలో లెక్క చెప్పినట్టే చెప్పింది. నేను ఇంటికొచ్చి, ఏం తోచక, శిబిరం రిజిస్టరు తీసి పేరు పేరూ చదివాను. నూట అరవై అయిదు మందిలో ముప్పాతిక మంది మా కాలనీవాళ్ళే. రిటైరైన మామయ్యగార్లూ, వాళ్ళ ఇళ్ళల్లో అత్తయ్యగార్లూ. అందరికీ కళ్ళజోళ్ళున్నాయి, అందరికీ ఎవరో ఒక డాక్టరున్నాడు. "ఉచితమేగా, నంబరు మారిందేమో చూపించుకుందాం" అని వచ్చినవాళ్ళే ఎక్కువ. తప్పు వాళ్ళది కాదు. పిలిచాం, వచ్చారు. ఎవరికోసం పెడుతున్నామని మేమే అనుకోలేదు. రిజిస్టరులో వచ్చినవాళ్ళ పేర్లకు గడులున్నాయిగాని, రానివాళ్ళకు గడి లేదు.

ఇక్కడినుంచి ఆ పెద్దమాట దగ్గరకు వస్తాను.

వ్యూహమనేది యుద్ధాలలోంచి వచ్చిన మాట. దాన్ని కంపెనీలవాళ్ళు తీసుకున్నారు. 1980ల ప్రాంతంలో అమెరికాలో ప్రభుత్వ కార్యాలయాలూ, ధర్మసంస్థలూ కూడా దీన్ని అందిపుచ్చుకున్నాయి. అవి ఎలా ప్రణాళిక వేసుకోవాలో చెబుతూ జాన్ బ్రైసన్ అనే ప్రొఫెసరు 1988లో పుస్తకమే రాశాడు. మనకు ప్రణాళిక అనగానే పంచవర్ష ప్రణాళికలే గుర్తొస్తాయి. అవి 1951లో మొదలై, పన్నెండో దానితో 2017లో ముగిశాయి. అవి దేశం మొత్తానికి ఏ పద్దుకింద ఎంత ఖర్చు పెట్టాలన్న లెక్కలు. నేను చెప్పేది అంతకంటె చిన్నది. ఒక ఆస్పత్రో, ఒక అనాథాశ్రమమో, ఒక ప్రభుత్వ శాఖో కూర్చుని, "అందరికీ అన్నీ చెయ్యలేం కదా, మరి ఎవరికి చెయ్యాలి, ఏది ముందు, ఏది వదిలెయ్యాలి, చేసింది అందిందో లేదో మనకెలా తెలుస్తుంది" అని తనను తాను అడుక్కోవడం. అంతే.

ఇది దుకాణంవాడికి లేని బాధ. ఎలాగంటారా? మన వీధిలో కిరాణా కొట్టాయన పుచ్చు కందిపప్పు ఇచ్చాడనుకోండి. రెండోసారి మనం ఆ గడప తొక్కం. రాత్రి గల్లాపెట్టె లెక్కపెట్టుకునేసరికి ఆయనకు తెలిసిపోతుంది. సేవాసంస్థ సంగతి అలా కాదు. అక్కడ డబ్బిచ్చేవాడు వేరు, సరుకు తీసుకునేవాడు వేరు. చందా ఇచ్చినాయన ఫొటో చూసుకుని తృప్తి పడతాడు. తీసుకున్నవాళ్ళు ఉచితంగా వచ్చినదానికి వంకలెలా పెడతాం అని నోరెత్తరు. ప్రభుత్వ శాఖకైతే పని బాగున్నా బాగులేకపోయినా వచ్చే ఏడు బడ్జెటు వస్తుంది. అంటే, దారి తప్పినప్పుడు మోగవలసిన గంట అసలు లేనే లేదన్నమాట. ఆ గంటను మనమే కట్టుకోవాలి. ప్రణాళిక అంటే నాకు అర్థమైంది అదే.

అలా గంట కట్టుకున్నవాళ్ళ సంగతి ఒకటి చెబుతాను. దూరం పోనక్కర్లేదు, మన హైదరాబాదే.

ఎల్.వి. ప్రసాద్ గారి పేరు తెలియనివాళ్ళుండరు. "షావుకారు", "మిస్సమ్మ" తీసిన దర్శకులు. ఏలూరు దగ్గర సోమవరప్పాడు వారిది. వారిచ్చిన బంజారా హిల్స్‌లోని అయిదెకరాల స్థలంతో, కోటి రూపాయల విరాళంతో, అమెరికానుంచి తిరిగొచ్చిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారి నాయకత్వంలో 1987లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి మొదలైంది. డబ్బున్నవారు ఇచ్చే ఫీజుతో లేనివారికి ఉచితంగా చూడటం అక్కడి పద్ధతి. పేరొచ్చింది, జనం బారులు తీరారు. ఇంకొకరైతే మరో రెండంతస్తులు వేసి, ఇంతమందికి చూశాం అని బోర్డు పెట్టుకునేవారు. నేనైతే ఖాయంగా అదే చేసేదాన్ని.

వాళ్ళు 1996లో ఒక సర్వే మొదలుపెట్టారు. ఆస్పత్రికి వచ్చినవాళ్ళను కాదు, రానివాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళారు. హైదరాబాదు నగరంలోనూ, పశ్చిమ గోదావరి, అదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లోనూ ఎంపిక చేసిన ఇళ్ళనుంచి పసిపిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ వరకు అన్ని వయసులవాళ్ళకూ వరసగా పరీక్ష చేశారు. 2000 దాకా సాగిన ఆ సర్వేలో మొత్తం 10,293 మందిని చూశారు. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో నూటికి 1.84 మంది, అంటే ఇంచుమించు ఇద్దరు, గుడ్డివాళ్ళ కింద లెక్క అని తేలింది. అందులో నూటికి 44 మందికి కారణం శుక్లం. ఆపరేషనుతో పోయేదే. ఇంకొక అంకె చూసి నేను చదువుతున్న కాగితం కాసేపు పక్కన పెట్టేశాను. నూటికి 16 మందికి పైగా కేవలం సరైన కళ్ళజోడు లేక గుడ్డివాళ్ళయినవాళ్ళట! వాళ్ళకు శుక్లమూ లేదు, ఇంకో జబ్బూ లేదు. రెండు అద్దం ముక్కలు లేవు. అంతే. మనింట్లో పాత కళ్ళజోళ్ళు ఏ సొరుగులో పడున్నాయో కూడా మనకు గుర్తుండదు.

ఇంకో మాట కూడా ఆ సర్వేలో ఉంది. బీదవాళ్ళలో, పల్లెల్లో, ఆడవాళ్ళలో చూపు పోయినవాళ్ళు ఎక్కువ. ఆడవాళ్ళలో ఎందుకని మీకు నేను వేరే చెప్పాలా? ఇంట్లో ఆయనకు కళ్ళు మసకబారితే పనికి పోలేడు గనక వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళతారు. అత్తగారికి మసకబారితే, "పెద్దవయసు కదా, కూర్చోబెట్టి పెడుతున్నాంగా" అంటారు. ఆవిడ కూడా అదే అంటుంది. బియ్యంలో రాళ్ళు ఏరడం మానేసి చింతపండు పిక్కలు తియ్యడానికి కూర్చుంటుంది. ఇంట్లోవాళ్ళు తేడా గమనించరు.

సర్వే వచ్చాక వాళ్ళ పథకం మారింది. చూపు లేనివాళ్ళలో పెద్దభాగానికి కావలసింది గొప్ప ఆపరేషను థియేటరు కాదు. అరపూటలో వెళ్ళిరాగలిగినంత దూరంలో, అక్షరాల పటం చూపించి అద్దాలిచ్చే మనిషి ఒకరు కావాలి. కాని పల్లెటూళ్ళో ఉండమంటే ఏ కంటి డాక్టరు ఉంటాడు? ఉండరని ఒప్పుకుని, అక్కడినుంచే ఆలోచించారు. ఆ ప్రాంతపు చదువుకున్న పిల్లలనే తీసుకుని ఏడాదిపాటు తర్ఫీదిచ్చి, చూపు పరీక్ష చెయ్యడం, అద్దాల నంబరు రాయడం, పైకి పంపవలసిన జబ్బును గుర్తుపట్టడం నేర్పించారు. వాళ్ళు కూర్చునే చోటు విజన్ సెంటరు. అలాంటిది ఏభై వేల జనాభాకు ఒకటి. అలాంటి పది సెంటర్లకు, అంటే అయిదు లక్షల జనాభాకు, శుక్లం ఆపరేషను చెయ్యగల చిన్న ఆస్పత్రి ఒకటి. ఏభై లక్షలకు దానికంటె పెద్దది. అయిదు కోట్లకు హైదరాబాదు పెద్దాస్పత్రి. అన్నిటికీ అడుగున అయిదేసి వేలమందికి ఊళ్ళోనే ఓ మనిషి, ఎవరికి కళ్ళు కనపడటం లేదో కనిపెట్టి చెప్పేవాళ్ళు. మొదటి చిన్న ఆస్పత్రి 1996లో అదిలాబాదు జిల్లా ముధోల్‌లో పెట్టారు. ఇప్పుడు అది నిర్మల్ జిల్లాలో ఉంది.

మన బొమ్మలకొలువు మెట్లు గుర్తొస్తాయి కదూ? అయితే కొలువులో మన చూపంతా పైమెట్టు మీదే ఉంటుంది. వీళ్ళు బరువంతా కిందిమెట్టు మీద పెట్టారు. కళ్ళజోళ్ళు అమ్మిన డబ్బుతో విజన్ సెంటరు ఖర్చులు చాలావరకు గడుస్తాయి గనక ప్రతిదానికీ విరాళాల కోసం చెయ్యి చాచనక్కర్లేదు. ఆ జాగ్రత్త కూడా మొదట్లోనే చూసుకున్నారు. ఆరంభంలో రిబ్బను కత్తిరించి, రెండేళ్ళకు తాళం పడ్డ సేవాకేంద్రాలు మనమెన్ని చూడలేదు!

అయితే ఒకటి. దగ్గర్లో ఉంటే చాలు, అందరూ వచ్చేస్తారనుకుంటే అదీ పొరపాటే. దీనికి మదురై కథ వినాలి. అరవింద్ కంటి ఆస్పత్రి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 2019లో తిరుపతికి కూడా వచ్చింది. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామిగారు ప్రభుత్వోద్యోగంలో రిటైరయ్యాక, 58 ఏళ్ళ వయసులో, 1976లో ఒక అద్దె ఇంట్లో పదకొండు మంచాలతో దాన్ని ప్రారంభించారు. కీళ్ళవాతంతో ఆయన వేళ్ళు వంకర్లు తిరిగిపోయాయి. ఆ వేళ్ళతోనే కత్తి పట్టడం మళ్ళీ నేర్చుకుని వేలకొద్దీ ఆపరేషన్లు చేశారు. ఆయన చెల్లెలు, బావగారు కూడా డాక్టర్లే, వాళ్ళూ వచ్చి చేరారు.

అక్కడి పని తీరు విచిత్రంగా ఉంటుంది. ఆపరేషను గదిలో పక్కపక్కన రెండు బల్లలు. డాక్టరు ఒక బల్లమీద ఆపరేషను చేస్తుంటే రెండో బల్లమీద నర్సులు మరో రోగిని సిద్ధం చేసి ఉంచుతారు. ఇటు కట్టు కట్టేలోగా అటు తిరిగితే చాలు. నర్సులంటే చాలామంది పల్లెటూళ్ళనుంచి వచ్చి అక్కడే రెండేళ్ళు నేర్చుకున్న అమ్మాయిలే. పెళ్ళి వంటల్లో చూడండి, ఒకరు తరగడం, ఒకరు తాలింపు, ఒకరు వార్చడం ఉంటేనే వెయ్యి విస్తళ్ళు లేస్తాయి. ఒక్కరే అన్నీ చేస్తానంటే వంద కూడా లేవవు. అక్కడ ఒక్కొక్క డాక్టరు ఏడాదికి సుమారు రెండు వేల ఆపరేషన్లు చేస్తారు. కంట్లో అమర్చే లెన్సు విదేశాలనుంచి తెప్పిస్తే వంద డాలర్లు దాటే రోజుల్లో, 1992లో ఆరోల్యాబ్ అని సొంత ఫ్యాక్టరీ పెట్టి, పది డాలర్ల దరిదాపులకు దింపారు.

ఇంత చేసినవాళ్ళకూ ఎదురైన సమస్యే మా పూల అవ్వ చెప్పింది. ఊళ్ళలో శిబిరాలు పెట్టి, శుక్లం ఉందని చెప్పి, ఆపరేషను ఉచితం రమ్మంటే, మొదట్లో వచ్చినవాళ్ళు కొద్దిమందే. ఆరా తీస్తే ఆపరేషను ఉచితమేగాని, బస్సు చార్జీ ఉచితం కాదు. తిండి ఉచితం కాదు. పోయే కూలి ఉంది. తోడు రావలసిన మనిషి కూలి కూడా ఉంది. ఎన్నడూ గడప దాటని ముసలమ్మకు భయముంది. అప్పుడు శిబిరం దగ్గరికే బస్సు తెచ్చి, ఒక ఊరివాళ్ళందర్నీ కలిపి తీసుకెళ్ళి, తిండీ పడకా చూసి, ఆపరేషనయ్యాక మళ్ళీ ఊళ్ళో దింపడం మొదలుపెట్టారు. ఒకరికొకరు తోడయ్యారు. వచ్చేవాళ్ళు పెరిగారు. లెక్కకు చూస్తే బస్సు ఖర్చు దండగ అనిపిస్తుంది. కాని బస్సు లేకపోతే ఆ రెండు బల్లలూ, ఆ డాక్టర్లూ ఖాళీగా కూర్చోవాలి. ఏది దండగ?

ఇక ప్రభుత్వం మాటకొస్తే, దాన్ని తిట్టడం సులువు. కాని అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 1976లోనే పెట్టింది మన ప్రభుత్వం. 1994 నుంచి 2002 దాకా ప్రపంచ బ్యాంకు అప్పుతో ఏడు రాష్ట్రాల్లో, అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి, శుక్లం ఆపరేషన్ల పథకం నడిచింది. ఒక కోటీ పది లక్షల ఆపరేషన్లు లక్ష్యమైతే కోటిన్నరకు పైగా జరిగాయి. ఏ సేవాసంస్థకూ అంత సత్తా లేదు. అది ఒప్పుకోవాలి.

అయితే లక్ష్యమని ఒక అంకె పెట్టగానే అందరి చూపూ ఆ అంకె మీదే పడుతుంది. జిల్లాకు ఇన్ని ఆపరేషన్లంటే ఇన్నీ జరుగుతాయి. ఆపరేషనయినావిడకు చూపొచ్చిందా అన్న గడి ఫారములో లేకపోతే ఎవరూ అడగరు. ఇందాక చెప్పిన సర్వేలో హైదరాబాదులో శుక్లం ఆపరేషను జరిగిన కళ్ళను కూడా పరీక్షించారు. వాటిలో చెప్పుకోదగ్గన్ని కళ్ళకు చూపు సరిగా లేదని బయటపడింది. లెక్కలో అవన్నీ "అయిపోయిన" కళ్ళే మరి. కొలత తప్పితే చొక్కా తప్పినట్టు, దేన్ని లెక్కపెడతామో అదే జరుగుతుంది. అందుకే మంచి ప్రణాళికలో ఎన్ని చేశామన్నది ఒక గడి, అందులో ఎందరికి మేలయిందన్నది ఇంకో గడి ఉండి తీరాలి.

అంకెల దగ్గర మరో జాగ్రత్త కూడా ఉంది. 2006-07లో దేశంలో నూటికి ఒకరు చూపులేనివారన్నారు. 2015 నుంచి 2019 వరకు జరిగిన జాతీయ సర్వేలో అది 0.36కు దిగింది. సంతోషించవలసిందే. కాని మధ్యలో 2017లో అంధత్వమంటే ఏమిటన్న నిర్వచనాన్ని కూడా మార్చారు. అంతకుముందు ఆరు మీటర్ల దూరంనుంచి కూడా పటంలోని పెద్దక్షరం కనపడకపోతే లెక్కలోకి వచ్చేవారు. ఇప్పుడు మూడు మీటర్ల నుంచి కనపడకపోతేనే. కాబట్టి తగ్గినదాంట్లో కొంత పనివల్ల, కొంత కొలబద్దవల్ల. ఇంట్లో సేరు తవ్వ మార్చి బియ్యం మిగిలాయనుకోవడం మనకూ తెలిసిందే కదా.

ప్రభుత్వం తలచుకుంటే కిందిమెట్టు దాకా వెళ్ళగలదనడానికి మొన్నమొన్నటి సాక్ష్యం కంటి వెలుగు. తెలంగాణాలో 2018 ఆగస్టు 15న మొదలై, మొదటి విడతలోనే కోటీ ఏభై లక్షలకు పైగా జనానికి ఊరూరా పరీక్షలు చేశారు. లక్షలకొద్దీ కళ్ళజోళ్ళిచ్చారు. రెండో విడత 2023 జనవరిలో పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో బడిపిల్లలతో మొదలైంది. జాతరలా వచ్చి వెళ్ళే పని ఇంత పెద్దఎత్తున ప్రభుత్వమే చెయ్యగలదు. నాకున్న ఒక్క సందేహమేమిటంటే, నలభయ్యో పడిలో అందుకున్న అద్దాలు రెండు మూడేళ్ళకు చాలవు, నంబరు మారుతుంది. అప్పుడు మళ్ళీ ఎవరిని అడగాలి? ఏడాది పొడుగునా తలుపు తీసుండే చోటు ఒకటి దగ్గర్లో ఉంటేనే ఆ మొదటి కళ్ళజోడు ఫలిస్తుంది.

సరే, ఇవన్నీ పెద్ద పెద్ద సంస్థలు, మా మండలి ఏపాటిది అంటారేమో. మా మండలి కమిటీలోనూ అదే అన్నారు. నేను అవ్వ మాట చెప్పి, ఈసారి మైకు వద్దు, ముందు పుస్తకం పట్టుకుని తిరుగుదాం అన్నాను. ముగ్గురం ఒప్పుకున్నాం. కాలనీ వెనకాల గుడిసెల వరస, చాకలివీధి, అపార్టుమెంట్ల వాచ్‌మన్ల గదులు తిరిగాం. ఏభై దాటినవాళ్ళను రెండే ప్రశ్నలడిగాం. సూదిలో దారం ఎక్కుతోందా? బస్సు నంబరు తెలుస్తోందా? లేదన్నవాళ్ళను, మరి ఆస్పత్రికెందుకు పోలేదని అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాం. "తోడు లేరు" అన్నవాళ్ళు ఎక్కువ. "ఈ వయసుకింతే" అన్నవాళ్ళు దాదాపు అంతమంది. ఒకావిడ "నా కోడలికి తెలిస్తే నన్ను వంటింట్లోంచి పంపేస్తుంది" అంది. ఆ కారణం ఏ ఫారములోనూ దొరకదు.

తరువాత కమిటీలో పెద్ద రభసే జరిగింది. శిబిరం పొద్దున కాదు, సాయంత్రం పెడదామన్నాం. దానికి సరేనన్నారు. కాలనీవాళ్ళకు ఈసారి చూడం, పుస్తకంలో ఉన్నవాళ్ళకే చూస్తామన్నాం. అక్కడ వచ్చింది చిక్కు. "చందాలిచ్చేది మా ఇళ్ళవాళ్ళు, మా మావగారికి చూడరా?" అని ఒకరు. "మనిషికి మనిషి తగ్గిపోతే వార్షికోత్సవంలో ఏం చదువుతావు?" అని ప్రెసిడెంటుగారు. ఆవిడ అన్నదాంట్లోనూ నిజముంది. చందాలు రాకపోతే శిబిరమే లేదు. ఏది వదిలెయ్యాలో తేల్చుకోవడం కష్టమని పుస్తకాలు చెబితే ఏమో అనుకున్నాను. పక్కింటావిడ మొహంమీద వద్దని చెప్పవలసి వచ్చినప్పుడు తెలిసింది. చివరకు కాలనీవాళ్ళకు వేరే రోజున, యాభై రూపాయల రుసుంతో చూసేట్టు, ఆ డబ్బు ఆటోలకు వాడేట్టు కుదిరింది. విచిత్రమేమిటంటే, డబ్బిచ్చి చూపించుకోవడానికి ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆ ఏడు సాయంత్రం శిబిరానికి వచ్చింది నలభై ఎనిమిది మంది. పంతొమ్మిది మందికి ఆపరేషను కావాలన్నారు. రెండు నెలల్లో పదమూడు మందికి అయింది. ప్రతివాళ్ళ వెంట మాలో ఒకరం ఆటోలో వెళ్ళి, రోజంతా ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్నాం. మిగిలిన ఆరుగురి దగ్గరకూ మళ్ళీ వెళ్ళాం. ఇద్దరు ఇప్పటికీ రామంటున్నారు. ఒకరు ఊరు మారిపోయారు. వార్షికోత్సవంలో నలభై ఎనిమిది అని చదివినప్పుడు చప్పట్లు పలచగానే పడ్డాయి.

అవ్వకు ఉగాది ముందు ఒక కన్ను ఆపరేషనయింది. కట్టు విప్పిన వారానికి మళ్ళీ బుట్ట దించుకుని వీధి మొదట్లో కూర్చుంది. నేను పూలకు వెళితే నోటు వెలుతురులోకి ఎత్తి చూసుకుని చిల్లరిచ్చింది. ఇంటికొచ్చి చూసుకుంటే మూర కాస్త కురచగా ఉన్నట్టనిపించింది. మర్నాడు అడిగాను. "అవునమ్మా, ఇన్నాళ్ళూ కానరాక అందరికీ మూరంబావు కొలిచిపోస్తున్నానని ఇప్పుడేగా తెలిసింది" అని నవ్వింది.

రెండో కన్నుకు రమ్మని మూడుసార్లు అడిగాను. శ్రావణమాసం వెళ్ళాకే వస్తానంటోంది. మా కొత్త రిజిస్టరులో రానివాళ్ళకు ఒక పేజీ పెట్టాం. అందులో ఆవిడ పేరుంది, పక్కన కారణం కూడా రాశాం: వరలక్ష్మీవ్రతం బేరం.